గెడ్డ వచ్చిన మధ్యాహ్నం

నాకు కోపం ఎక్కువ. గొప్ప కోసం చెప్పడం లేదు, పార్వతీపురంలో మా వీధిలో ఎవరినడిగినా ఇదే చెబుతారు. చిన్నప్పుడు మా అమ్మ, నీ నోటికి తాళం వేసే మొగుడు దొరకాలే అని దీవించేది. తీరా దొరికినాయన నోట్లో నాలుక లేని మనిషి. దాంతో నా నోటికి అడ్డూ అదుపూ లేకుండా పోయింది.

ఆయనది కరెంటు డిపార్టుమెంటులో ఉద్యోగం. పెళ్ళయిన మూడో ఏట అరకు వైపు బదిలీ అయింది. లోయలోకి వచ్చాక మెయిన్ రోడ్డు వదిలేసి, కాఫీ తోటల మధ్య నుంచి ఆటోలో చాలా దూరం పోతే సబ్‌స్టేషన్, దాని పక్కన రెండు క్వార్టర్లు. ఒకదాంట్లో మేము, రెండో దాంట్లో లైన్‌మన్ కుటుంబం. పొద్దున్న మంచు, మధ్యాహ్నం వాన, ఆయన డ్యూటీకి పోతే మాట్లాడటానికి లైన్‌మన్ భార్య తప్ప మనిషి లేదు.

నేను లెక్కలతో బీయస్సీ చేశాను, తర్వాత బీయీడీ చేశాను. డీయస్సీ రెండుసార్లు రాస్తే రెండుసార్లూ కొద్దిలో తప్పిపోయింది. ఉద్యోగం వచ్చి ఉంటే బడిపిల్లల మీద పడవలసిన కేకలన్నీ నాలోనే నిలవుండిపోయాయి. అక్కడి హైస్కూల్లో చదివే ఇద్దరు ఆడపిల్లలు ఒకరోజు మా గుమ్మంలో నిలబడి, "మేడం, మాకు లెక్కలు సెప్తారా?" అని అడిగారు. ఆ సరుకంతా ఎక్కడ దించుకోవాలో నాకు అప్పుడు తెలిసింది.

ఇద్దరు నెల తిరిగేసరికి ఎనిమిది మంది అయ్యారు. బడి వదిలాక ఒక గంట, సెలవు రోజుల్లో మధ్యాహ్నం రెండు గంటలు మా వరండాలో ట్యూషను. ఎవరినీ కొట్టలేదు. కొట్టాల్సిన అవసరం రాలేదు. నేను లోపల్నుంచి వరండాలోకి అడుగు పెడితే చాలు, ఎనిమిది తలలూ పుస్తకాల్లోకి వంగిపోయేవి. భయం ఉన్నచోటే లెక్కలొస్తాయని నా నమ్మకం. నాకు అలాగే వచ్చాయి మరి. పిల్లలు నన్ను చూసి భయపడుతుంటే, నిజం చెప్పొద్దూ, లోపల ఎక్కడో బాగానే ఉండేది.

వాళ్ళు తమలో తాము వాళ్ళ భాషలో మాట్లాడుకునేవారు. ఒరియా లాగా ఉంటుంది గానీ ఒరియా కాదు. నాకు ముక్క అర్థమయ్యేది కాదు, అర్థం కానిదంతా నా గురించే అనిపించేది. అందుకని మా వరండాలో తెలుగు తప్ప మాట్లాడకూడదని రూలు పెట్టాను. ఆ రోజు నుంచి వరండా మరీ నిశ్శబ్దంగా తయారైంది. శ్రద్ధ పెరిగిందని మా ఆయనతో గర్వంగా చెప్పుకున్నాను కూడా. ఆయన అన్నం కలుపుకుంటూ ఊఁ అన్నారు.

ఆ ఎనిమిది మందిలో ఒక పిల్ల ఉండేది. సన్నగా, పొట్టిగా, ఎడమ కనుబొమ్మ మీద చిన్న గాటుతో. గెడ్డకి, అంటే కొండవాగుకి, అవతల ఊరు. తొమ్మిదో తరగతిలో ఉండగా వచ్చి చేరింది, నేను చెబుతున్న ఈ సంగతి నాటికి పదిలోకి వచ్చింది. లెక్కలు రాని పిల్ల కాదు. దానితో చిక్కల్లా ఏమిటంటే, లెక్క చేసే ముందు లెక్కలో ఉన్న సంగతి నిజమేనా అని చూసుకునేది. పొలానికి కంచె వేయడానికి ఎంత తీగ కావాలి అని ఉంటే, ఆ పొలంలో ఏం వేశారు మేడం అని అడిగేది. రాజ్‌మా వేస్తే ఏంటి, అల్లం వేస్తే ఏంటి నీకు, చుట్టుకొలత చెప్పు అని నేను అరిచేదాన్ని. అల్లానికి కంచె అక్కర్లేదు కదా అని లోపల గొణుక్కుంటూ చేసేది. సరిగ్గానే చేసేది.

గెడ్డ సంగతి కూడా చెప్పాలి. మా క్వార్టర్ల వెనక నుంచి కాలిబాట కాఫీ మొక్కల మధ్యగా దిగుతుంది. పావుగంట దిగితే గెడ్డ. మామూలు రోజుల్లో మోకాలి లోతు కూడా ఉండదు, రాళ్ళ మీద కాళ్ళేసుకుంటూ దాటేయొచ్చు. అటు ముప్పై ఇళ్ళ ఊరు. పైన కొండల్లో వాన కురిస్తే మాత్రం, ఇక్కడ చినుకు లేకపోయినా, ఉన్నట్టుండి నీళ్ళు ఎర్రగా వచ్చి పడతాయి. వాళ్ళు గెడ్డ పొంగిందనరు, గెడ్డ వచ్చింది అంటారు. మేము వెళ్ళిన మొదటి వానాకాలంలో ఒక దూడ కొట్టుకుపోవడం ఒడ్డున నిలబడి చూశాను. అరవడానికి కూడా దానికి టైము దొరకలేదు. ఆ తర్వాత నేను ఆ బాటన దిగలేదు. గెడ్డంటే నాకు భయమని ఎవరికీ చెప్పలేదు గానీ, భయమే.

అది రెండో శనివారం. బడికి సెలవు. రెండింటికల్లా ఎనిమిది మందీ, సెలవైనా యూనిఫాంలోనే, వచ్చి కూర్చున్నారు. ఆకాశం మూసుకుని ఉంది, చినుకు పడీ పడనట్టు పడుతోంది. పొద్దున్నుంచీ నాకు మనసు బాగాలేదు. కొత్త డీయస్సీ నోటిఫికేషను వస్తుందన్నది ఉత్త మాటేనని ముందు రోజు ఫోనులో తెలిసింది. ఆ చిరాకంతా చాక్‌పీసులో పెట్టి బోర్డు మీద పడవ లెక్క రాశాను. పదో తరగతి చదివిన వాళ్ళందరికీ తెలిసిన లెక్కే. ఒక పడవ ప్రవాహానికి ఎదురుగా ఇంత దూరం, ప్రవాహం వెంట ఇంత దూరం ఇన్ని గంటల్లో పోయింది, పడవ వేగమెంత, నీటి వేగమెంత. పడవ వేగం ఎక్స్ అనుకోండి, నీటి వేగం వై అనుకోండి అని మొదలుపెట్టానో లేదో, ఆ పిల్ల లేచి నిలబడింది.

"మేడం, నీరు అంత జోరుగా ఉంటే ఎదురు ఎందుకు ఎల్తారు?"

"లెక్కలో వెళ్ళారు. కూర్చో."

కూర్చోలేదు. "గెడ్డ వచ్చినప్పుడు ఎవలూ దిగరు కదా మేడం. తగ్గినదాకా ఒడ్డున కూకుంటారు. తగ్గీసినాక నీటికి జోరుండదు. మరింక లెక్కేటి?"

ఏడుగురూ కిసుక్కున నవ్వారు. ఏడాదిన్నరలో ఆ వరండాలో నవ్వు వినబడటం అదే మొదలు. అది నా మీద నవ్వనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ పిల్ల చెప్పినదాంట్లో తప్పేముందో నాకు కనబడదు. అప్పుడు మాత్రం చెవుల్లోంచి పొగలొచ్చాయి.

"ఏటే, నవ్వులాటగా ఉందా నీకు? లే, బయటికి పో. ఈ లెక్క వచ్చేదాకా నీ మొహం నాకు చూపించకు."

అది ఒక్క క్షణం నా వైపు చూసి, పుస్తకాలు అక్కడే వదిలేసి, నోటుబుక్కు ఒకటి పట్టుకుని మెట్లు దిగింది. నేను బోర్డు వైపు తిరిగిపోయాను.

బయటికి పొమ్మంటే మా ట్యూషనులో అర్థం వాకిట్లో కొళాయి దగ్గర నిలబడమని. పది నిమిషాలు నిలబెట్టి మళ్ళీ పిలిచేదాన్ని. ఆ రోజు పిలవలేదు. కోపం తగ్గినా, తగ్గినట్టు వాళ్ళకి తెలియకూడదని వెనక్కి తిరిగి చూడనే లేదు. లెక్క పూర్తి చేసి, దాని తర్వాతది కూడా రాయించాను. ఇరవై నిమిషాలు అయ్యుంటుంది, అరగంటే అయ్యుంటుంది.

అప్పుడు కింద నుంచి చప్పుడు మొదలైంది. లారీ ఘాట్ రోడ్డు ఎక్కుతోందేమో అనుకున్నాను. పిల్లల పెన్నులన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. ముందు వరసలో పిల్ల తలెత్తి, నన్ను చూడకుండా చెప్పింది.

"గెడ్డ వచ్చినాది మేడం."

వరండా చివరికి వెళ్ళి చూశాను. కొళాయి దగ్గర ఎవరూ లేరు. మెట్ల దగ్గర ఏడు జతల చెప్పులున్నాయి. లెక్కల మనిషిని కదా, మళ్ళీ లెక్కపెట్టాను. ఏడే.

"ఎక్కడికి పోయిందది?"

రెండోసారి అరిస్తే, గెడ్డ అవతల ఊరి నుంచే వచ్చే ఇంకో పిల్ల, పొడుగ్గా జడ వేసుకునేది, నేలవైపు చూస్తూ అంది. "దిగిపోనాది మేడం."

"ఎప్పుడు?"

"మీరు పొమ్మన్నప్పుడే."

"నువ్వు చూసి కూడా చెప్పలేదేమే?"

"మొహం సూపించకన్నారు కదా మేడం. ఇంటికి పొమ్మన్నారనుకున్నాం."

ఒక నిజం ఒప్పుకోవాలి. మొదట నాకు భయం వేసింది ఆ పిల్ల కోసం కాదు, నా కోసం. ట్యూషను పేరు చెప్పి పరాయి పిల్లని వానలో గెడ్డలోకి తరిమిన ఆడదాన్ని నేను. ఊరు ఊరంతా వచ్చి మా గుమ్మంలో నిలబడితే ఏం చెప్పాలి, మా ఆయన ఉద్యోగం ఏమవుతుంది, పార్వతీపురం వెళ్ళి మొహం ఎలా చూపించాలి. ఇవన్నీ వరసగా వచ్చాయి. ఆ వరస చివర్లో ఆ పిల్ల మొహం వచ్చింది. అది వచ్చాక మిగతావేవీ నిలబడలేదు.

మా ఆయన లైను మీద ఎక్కడో ఉన్నారు. ఆరుగురు పిల్లల్నీ లైన్‌మన్ భార్యకి అప్పజెప్పి, జడ పిల్లని వెంటబెట్టుకుని రోడ్డు మలుపు దగ్గరికి పరిగెత్తాను. సిగ్నలు వచ్చేది అక్కడొక్క చోటే. అవతలి ఊళ్ళో నాకు తెలిసిన నంబరు ఒకటే ఉంది, ఆశా వర్కరుది. జ్వరాలప్పుడు మా ఇంటికీ వచ్చేది. రెండుసార్లు కట్టయ్యాక మోగింది.

"నా దగ్గర ట్యూషను చదివే పిల్ల ఇంటికొచ్చిందా?" అని పేరు చెప్పాను.

"ఏ గుంట మేడం? ఆ పేరు గల్ల గుంట మా ఊర్లో నేదే."

"అదేంటమ్మా. మీ ఊరి పిల్లే. పదో తరగతి."

"మా ఊర్లో ఆ పేరోలు ఎవలూ నేరండీ. తండ్రి పేరు సెప్పండి."

తండ్రి పేరు నాకు తెలీదు. తల్లి పేరూ తెలీదు. కనుబొమ్మ మీద గాటుంటుందని చెప్పబోతే లైను గరగరలాడింది. జడ పిల్ల నా మోచేతి దగ్గర నిలబడి నెమ్మదిగా అంది.

"అది బడి పేరు మేడం. ఊర్లో తెలీదు."

అలా తెలిసింది నాకు. వాళ్ళకి పేరు పెట్టేది పుట్టిన వారాన్ని బట్టి. సోమవారం పుడితే ఒకటి, మంగళవారం పుడితే ఒకటి. ఇంట్లో, ఊళ్ళో, అడవిలో అదే పేరు. బళ్ళో వేసేటప్పుడు టీచరు ఎవరో రిజిస్టరు కోసం ఇంకో పేరు రాస్తారు, చక్కగా సినిమా పేరులా ఉండేది. ఆ పేరు బడి గేటు దాటి ఇంటిదాకా రాదు. నేను ఏడాదిన్నర పాటు పిలిచిందీ, తిట్టిందీ ఆ రిజిస్టరు పేరుతోనే.

"ఇంట్లో ఏమంటారే దాన్ని?"

చెప్పింది. నేనది ఫోన్లో అరిచాను.

"ఓ, ఆ గుంటా. వచ్చీసినాది మేడం. ఇప్పుడే సూసినాను, ఇంటికాడే ఉన్నాది." ఫోను కట్టయింది.

రోడ్డు పక్క కిలోమీటరు రాయి మీద కూలబడిపోయాను. కన్నీళ్ళు వచ్చాయి, వాటి వెనకే కోపం కూడా వచ్చింది. సోమవారం దాన్ని ఎలా ఉతికి ఆరేయాలో అప్పుడే మాటలు కూర్చుకుంటున్నాను. ఇంత సేపు నన్ను ఇలా చంపుతుందా అని. జడ పిల్ల మాత్రం కదలకుండా నిలబడి ఉంది. దాని మొహంలో ఏ మార్పూ లేదు. అది చూసైనా నాకు అర్థం కావాల్సింది.

ఫోను మోగింది. మళ్ళీ ఆశా వర్కరే. ఈసారి గొంతులో తొందర ఉంది.

"మేడం, మీరడిగినది ఏ గుంటని? మా ఊర్లో ఆ పేరోలు నలుగురున్నారండి. నేను సెప్పినది పిల్లతల్లి, సంతకెల్లొచ్చినాది. బడికెల్లే గుంట ఇంకా రానేదంట. ఆలమ్మ గెడ్డకాడికి పోతంది."

నలుగురూ ఒకే వారం పుట్టారు. ఒకే పేరు. అంతకుముందు భయపడ్డానే, అది భయం కాదు. ఒకసారి పిల్ల బతికుందని నమ్మి, మళ్ళీ అది లేదని వినడం వేరు.

బాట పట్టి దిగాం. రెండేళ్ళ తర్వాత మొదటిసారి దిగుతున్నాను. చెప్పులు జారుతున్నాయి, చీర కాఫీ కొమ్మలకి పట్టుకుంటోంది, లాక్కుంటే చిరిగింది. చప్పుడు దగ్గరైన కొద్దీ నడక ఆగిపోతోంది. జడ పిల్ల ముందు నడుస్తూ, నేను ఆగినప్పుడల్లా ఆగి నాకోసం చూస్తోంది. "బేగి రండి మేడం," అంది ఒకసారి. ఏడాదిన్నరలో అది నాకు పని చెప్పడం అదే మొదలు. నేను అడుగు పెంచాను.

గెడ్డ చూడగానే దాటే రాళ్ళ కోసం వెతికాను. ఒక్క రాయీ లేదు. ఎర్రటి నీళ్ళు ఒడ్డు కోసుకుంటూ పోతున్నాయి, మధ్యలో ఒక చెట్టు కొమ్మ పల్టీలు కొట్టుకుంటూ పోయింది. అవతలి ఒడ్డున ఎవరో ఆడమనిషి నెత్తిన గోనె కప్పుకుని దిగువ వైపు పరిగెడుతోంది. ఆమె తల్లి అయ్యుండాలి. ఆమె నన్ను చూసిందో లేదో తెలీదు. చూడకపోతే బాగుండునని అనుకున్నాను.

బాట గెడ్డలో దిగే చోట, తుప్ప కింద, నీలం రంగు రబ్బరు చెప్పులు జతగా పెట్టి ఉన్నాయి.

నేను కూర్చుండిపోయాను. జడ పిల్ల వాటి దగ్గర వంగి చూసింది.

"దాటినప్పుడు సెప్పులు సేత్తో పట్టుకుంటాం మేడం. ఒగ్గీసి దాటం. దాటనేదు."

"జారి పడిందేమోనే."

అది ఒడ్డు వెంబడి దిగువకి నడిచింది. నేను వెనకే. అక్కడ గెడ్డ మలుపు తిరుగుతుంది, ఒడ్డు నుంచి నీళ్ళలోకి పెద్ద బండ ఒకటి పొడుచుకొచ్చి ఉంటుంది. మామూలప్పుడు బట్టలుతుకుతారట. దాని మొదట్లో వెదురు గుబురు. ఆ గుబురు సందుల్లో నీలం యూనిఫాం ముక్క కనిపించింది.

నా ప్రాణం లేచొచ్చింది. దాని అసలు పేరు ఇప్పుడు నాకు తెలుసు కదా. దాని తల్లి పిలిచే పేరు. ఆ పేరు పెట్టి, చివర అమ్మా అని చేర్చి, ఎంత మెత్తగా పిలవగలనో అంత మెత్తగా పిలిచాను. ఆ హోరులో వినబడాలని సాగదీసి పిలిచాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

యూనిఫాం కదిలింది. ఇటు రాలేదు. గుబురు దాటి బండ మీదికి జరిగింది.

వినబడలేదనుకుని మళ్ళీ పిలిచాను. "రా అమ్మా, నేనేమీ అనను, వచ్చెయ్ తల్లీ" అన్నాను. ఇంకొంచెం జరిగింది. ఇప్పుడు పూర్తిగా కనబడుతోంది. నోటుబుక్కు గుండెకి అదుముకుని, రెండో చేత్తో ఒక చెవి మూసుకుని, కూర్చునే వెనక్కి జరుగుతోంది. బండ చివర నీళ్ళు ఎక్కి దిగుతున్నాయి. ఇంకో మూరెడు జరిగితే బండ లేదు. నేను ఇంకా ప్రేమగా, ఇంకా పెద్దగా పిలిచాను. నాకు అంతకన్నా ఏం చెయ్యాలో తెలియలేదు.

జడ పిల్ల నా చెయ్యి పట్టుకుంది. ఎప్పుడూ నన్ను ముట్టుకున్న పిల్ల కాదు.

"పిలవకండి మేడం."

"ఏంటే?"

"మీరు పిలస్తంటే అది లోపలికి పోతంది. సూడండి."

చూశాను. నిజమే. నోరు మూసుకున్నాను. నేను ఆగగానే అదీ ఆగింది.

జడ పిల్ల నీళ్ళవైపు చూడకుండా, గొంతు తగ్గించి చెప్పింది. "గెడ్డ వచ్చినప్పుడు, ఎనకటికి ఇందులో పోయినోలు పిలుస్తారు మేడం. మనకి తెలిసినోల గొంతుతోనే పిలుస్తారు. ఇంటికాడ పేరెట్టి మంచిగా పిలుస్తారు. ఆలకి బడి పేరు తెలీదు. పలకకూడదు."

మా అమ్మమ్మ కూడా దీపాలవేళ వీధిలోంచి ఎవరైనా పిలిస్తే ఒక్క పిలుపుకి పలకొద్దనేది. నేను నవ్వేదాన్ని. ఇప్పుడు నాకు నవ్వు రాలేదు. బండ మీద ఉన్న పిల్ల తన మేడం నుంచి పారిపోవడం లేదు. తనని తీసుకుపోవడానికి వచ్చినదేదో ఒడ్డు మీద నిలబడి పిలుస్తోందనుకుంటోంది. దాన్ని నీళ్ళలోకి నెడుతున్నది నా గొంతే.

"ముందే ఎందుకు చెప్పలేదే?"

"మీరు తిడతారని."

"నువ్వు పిలవ్వే మరి."

"నాదీ తెలిసిన గొంతే కదా మేడం."

"మరి ఏం చెయ్యనే?" అన్నాను. ఏడుస్తున్నాను. పదిహేనేళ్ళ పిల్లని పట్టుకుని అడుగుతున్నాను.

అది బండ వైపు చూస్తూ అంది. "తిట్టండి మేడం."

"ఏటి?"

"రోజూ తిట్టినట్టే తిట్టండి. బడి పేరెట్టి తిట్టండి. అప్పుడు మీరేనని తెలుస్తాది."

నా జీవితంలో తిట్టడానికి మాట రాని సందర్భం అదొక్కటే. నోరు తెరిచాను. రోజూ ముందుగా వచ్చే మాట ఎక్కడ చచ్చావే అన్నది. ఆ నీళ్ళ ముందు ఆ మాట నేను అనలేకపోయాను. చీర కొంగుతో మొహం తుడుచుకుని, హాజరు పిలిచినట్టు రోల్ నంబరు అరిచాను. ఇనీషియల్‌తో సహా బడి పేరు అరిచాను.

"లెక్క మధ్యలో లేచిపోతావా? ఎవరు పొమ్మన్నారే నిన్ను? పుస్తకాలు అక్కడ పడేసి వస్తే ఎవరు మోస్తారే, మీ మేడం మొయ్యాలా? పడవ వేగం ఎంత? ఎక్స్ ఎంత, వై ఎంత? బుర్రలో ఏం పెట్టుకున్నావే? ఏడాదిన్నర నుంచి గొంతు చించుకుంటున్నానే నీకోసం, వినబడుతోందా లేదా?"

గొంతు మధ్యమధ్య విరిగిపోతోంది. అయినా ఆపలేదు. ఆపితే అది మళ్ళీ వెనక్కి జరుగుతుందని భయం. తెలిసిన తిట్లన్నీ తిట్టాను, తెలియనివి కల్పించి తిట్టాను.

బండ మీద చెవి మూసుకున్న చెయ్యి కిందికి దిగింది. అది మా వైపు తల తిప్పింది. హోరులో సన్నగా వినబడింది.

"ఎస్ మేడం."

"లేచావంటే వీపు చీరేస్తాను. పాక్కుంటూ రా. నా వైపే చూస్తూ రా."

పాక్కుంటూ వచ్చింది. నోటుబుక్కు వదలలేదు, ఒక్క చేతి మీదే పాకింది. మధ్యలో ఒక నీటి తరగ బండ మీదికెక్కి దాని మోకాళ్ళు తడిపింది. నేను తిడుతూనే ఉన్నాను. వెదురు గుబురు దాకా వచ్చాక జడ పిల్ల ముందుకు దూకి భుజం పట్టుకుని లాగేసింది. అవతలి ఒడ్డున గోనె కప్పుకున్న ఆమె అప్పుడు నేల మీద కూర్చుంది.

ఆ పిల్ల వచ్చి నా ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడింది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. నేను దగ్గరికి తీసుకోబోతే ఒక అడుగు వెనక్కి వేసింది.

"లెక్క రానేదు మేడం. అందుకే రాలేకపోనాను."

దిగి చెప్పులు విప్పేసరికి గెడ్డ వచ్చేసిందట. తాను వరండాలో చెప్పినట్టే, తగ్గేదాకా ఒడ్డున కూర్చుంది. వెనక్కి రావడానికి నేను వీల్లేకుండా చేశాను. కూర్చుని లెక్క చేస్తూ ఉంటే పిలుపు వినబడింది.

"నా గొంతు పోల్చుకోలేదా నువ్వు?" అని అడిగాను.

"గొంతు మీదేనండి. అలాగ మంచిగా మీరెప్పుడు పిలిసినారు? మీరు కాదనుకున్నాను."

ఆ సాయంత్రం చీకటి పడకముందే నీళ్ళు తగ్గాయి. తల్లి ఇవతలికి వచ్చి ఇద్దరు పిల్లల్నీ తీసుకుపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

సోమవారం ఎనిమిది మందీ మామూలుగానే వచ్చారు. రెండు రాత్రులు నిద్రపోకుండా నేనొక నిర్ణయానికి వచ్చి ఉన్నాను. వరండాలోకి వెళ్ళి, ఆ పిల్లని వాళ్ళమ్మ పిలిచే పేరు పెట్టి, నెమ్మదిగా పిలిచాను. లెక్క పుస్తకం తియ్యమ్మా అన్నాను.

అందరూ రాయడం ఆపేశారు. అది లేచి నిలబడింది.

"బడి పేరే పిలవండి మేడం," అంది. "అలాగ పిలిస్తే నాకు భయమేస్తాది."

సరే అన్నాను. బడి పేరుతో పిలిచి, కూర్చోమన్నాను.